‘కొట్టమంటే కొట్టవేంది?’ అనేవాళ్లకు ఏం చెప్పాలి

ప్రశ్న: మాది మిర్యాలగూడ దగ్గర పల్లె. నలుగురం కలిసి చెట్లు కొట్టే పని చేస్తం. రెండు చైన్ మిషన్లు, తాళ్లు, నిచ్చెన ఉన్నయి. పని కష్టం గాదు, పని చెప్పేటోళ్లతోని మాట్లాడుడే కష్టమైతుంది. ఒకాయన తీగల మీదున్న యాప కొమ్మను కరెంటు బందు చేపియ్యకుండనే ఇయ్యాల్నే కొట్టమంటడు. ఒకామె గోడ పక్క చెట్టు ఏర్లన్నీ కొట్టు, చెట్టు మాత్రం ఎండొద్దంటది. ఇంకొకరు రోడ్డు దిక్కు వంగిన చెట్టును లోపటికి పడేయమంటరు. పనంతా అయినంక ‘కట్టె నీకే ఇడిసిపెట్టిన, ఇంక పైసలెందుకు’ అంటరు. కాదంటే ‘నువ్వు కాకుంటే ఇంకొకడు’ అంటరు. పని పోకుండ వీళ్లకు ఎట్ల చెప్పాలె?

జవాబు: మీరు రాసినవన్నీ ఒక్క రకం కావు. తీగల మీది కొమ్మ ప్రాణాలతో ముడిపడింది, దాని మీద బేరం లేదు. వేర్లు, వాలు చెట్టు స్వభావానికి సంబంధించినవి. యజమానికి తెలియక అడుగుతున్నారు, కారణం కళ్లకు చూపిస్తే చాలామంది వింటారు. కట్టె సంగతి ఒట్టి లెక్క, ముందే మాట్లాడుకోకపోవడం వల్ల వచ్చిన తకరారు. ఈ మూడింటికీ ఒకే గొంతుతో ‘కుదరదు’ అంటే వినేవాళ్లకు మీరు పనికి బద్ధకిస్తున్నట్టే ఉంటుంది. ఏ రకమైనా సరే, కాదనే మాట చెట్టు కింద నిలబడి, మిషన్ తాడు లాగకముందే చెప్పాలి. సగం కోసిన కొమ్మ మీద నుంచి చెప్పే మాటకు విలువ ఉండదు.

ముందు తీగల సంగతి. ఊళ్లలో పోయే 11 కేవీ లైన్లు ఎక్కువగా తొడుగు లేని ఒట్టి తీగలే. పచ్చి కొమ్మ బరువులో దాదాపు సగం నీళ్లే కాబట్టి అది తీగకు తగిలిందంటే కరెంటు కొమ్మలోంచి మనిషిలోకి దిగుతుంది. ‘కర్రకు కరెంటు రాదు’ అనే మాట అంత వోల్టేజీ దగ్గర పనికిరాదు. పైగా కోసిన కొమ్మ నిటారుగా పడదు. ఆకులున్న కొస ముందు వాలుతుంది, మొదలు వెనక్కి ఎగురుతుంది, తాడు కట్టి ఉంటే మొత్తం ఊగుతుంది. తీగకు దూరంగానే ఉందనుకున్న కొమ్మ కూడా పడేటప్పుడు దాని మీదికే పోవడం అందుకే. ఇక అల్యూమినియం నిచ్చెనను తీగల దగ్గరికి తీసుకుపోవడమే తప్పు.

దీనికి దారి ఎల్‌సీ ఒక్కటే, అంటే లైన్ క్లియర్: కరెంటు వాళ్లే లైన్‌ను బందు చేసి పనికి అప్పగించడం. అది అడగాల్సింది మీరు కాదు, యజమాని. ఆయన తన మీటరు సర్వీసు నంబరుతో 1912కు ఫోన్ చేయవచ్చు, లేదా తన సెక్షన్ ఏఈ ఆఫీసులో రాసివ్వవచ్చు. నల్లగొండ, మహబూబ్‌నగర్ రెండూ దక్షిణ డిస్కమ్ (కరెంటు పంపిణీ సంస్థ) కిందికే వస్తాయి, రెండు చోట్లా ఇదే పద్ధతి. పని రోజు లైన్‌మన్ స్వయంగా వచ్చి, ఏబీ స్విచ్ (స్తంభం మీద లైన్‌ను విడదీసే స్విచ్) తీసి, పని జరిగే చోటుకు రెండు వైపులా తీగలకు ఎర్తు రాడ్లు తగిలించాకే చెట్టెక్కాలి. ఎర్తు ఎందుకంటే, స్విచ్ తీసినా పక్కింటి జనరేటర్ నుంచో, సరిగా కలపని ఇన్వర్టర్ నుంచో కరెంటు వెనక్కి తిరిగి లైన్లోకి రావచ్చు. ఒకే స్తంభం మీద రెండు ఫీడర్లు, అంటే రెండు వేర్వేరు లైన్లు, పోతుంటే ఒకటి బందై రెండోది నడుస్తూనే ఉండవచ్చు. ‘ఫోన్‌లో చెప్పిన, బందు చేసిండ్రు’ అన్న మాట మీద ఎక్కకండి. అంతకన్నా ప్రమాదమైన మాట ఇంకోటుంది: ‘ఇప్పుడు కరెంటు పోయింది కదా, జల్ది కొట్టేయ్.’ పోయిన కరెంటు ఎప్పుడొస్తుందో కింద ఉన్న ఎవరికీ తెలియదు.

ఇక్కడ ‘కాదు’ అనే మాటను తేదీగా మార్చి చెప్పండి. ‘సార్, కొమ్మ నేనే కొడత. కరెంటు బందు చేపిచ్చేది మీరు. లైన్‌మన్ వస్తనన్న రోజు పొద్దుగాల ఏడింటికి మా వాళ్లు ఈడ ఉంటరు.’ మీరు పని వద్దనలేదు, ఆయన చేయాల్సింది ఆయనకు అప్పగించారు. అప్పటికీ ఇవాళే కావాలంటే ఆ పని వదిలేయండి.

రోడ్డు వైపు వంగిన చెట్టును లోపలికి పడేయమనేవాళ్లకు కోత ఎటు పెడితే చెట్టు అటు పడుతుందనే నమ్మకం ఉంటుంది. అది కొంతవరకే నిజం. చెట్టు పడే దిక్కును ముందు నిర్ణయించేది దాని బరువు. దీన్ని నోటితో వాదించకండి. మేస్త్రీలు గోడకు పట్టే గుండు తెచ్చి, చెట్టుకు ఇరవై ముప్పై అడుగుల దూరంలో నిలబడి, దారాన్ని మొదలుకు సరిగ్గా పట్టి యజమానినే చూడమనండి. దారానికి అటు పక్క ఎంత తల ఉంది, ఇటు ఎంత ఉంది అని. తర్వాత తొంభై డిగ్రీలు పక్కకు జరిగి మళ్లీ చూపించండి. ముప్పావు వంతు కొమ్మలు రోడ్డు పైనే ఉన్నాయని ఆయన కళ్లకే కనబడితే మీ మాటకు బలం వస్తుంది.

ఇక కోత లెక్క. పడాల్సిన వైపు తీసే ముక్కోణపు గాటు లోతు మొదలు మందంలో ఐదో వంతు నుంచి నాలుగో వంతు దాకా చాలు. అంటే 60 సెంటీమీటర్ల మొదలుకు 12 నుంచి 15 సెంటీమీటర్లు. వెనక కోతను గాటు మూల కన్నా కాస్త పైన మొదలుపెట్టి, మధ్యలో ఆరు సెంటీమీటర్ల పట్టె, అంటే మందంలో పదో వంతు, కోయకుండా వదలాలి. ఆ పట్టే తలుపు బందులా చెట్టును పట్టి మెల్లగా వాలుస్తుంది. అయితే అది చెట్టును దాని వాలుకు ఎదురు తిప్పలేదు. ఎక్కువ వంగిన చెట్టులో ఆ పట్టె ఒక వైపు తెగిపోతే చెట్టు తనకిష్టమైన దిక్కుకు తిరుగుతుంది. వంగిన వైపే పడేసేటప్పుడు ఇంకో ప్రమాదం: వెనక కోత సగంలో ఉండగానే మొదలు నిలువునా చీలి, చీలిన చెక్క కోసేవాడి ఛాతీ మీదికి లేస్తుంది. జామాయిల్ లాంటి నిలువు నారున్న చెట్లలో ఈ భయం మరీ ఎక్కువ.

‘ట్రాక్టర్‌కు తాడు కట్టి లాగేద్దాం’ అంటారు. తాడు చెట్టు ఎత్తులో మూడింట రెండు వంతుల పైన కట్టినప్పుడే లాగుడుకు బలం ఉంటుంది, ట్రాక్టర్ చెట్టు ఎత్తు కన్నా దూరంగా ఉండాలి. వంద గజాల ఇంటి జాగాలో ఇది అయ్యే పని కాదు. మధ్యలో ఒక్కసారి గుంజితే తాడు తెగి కొరడాలా వెనక్కి వస్తుంది. మామూలు ముడి వేస్తే తాడు బలంలో మూడో వంతు నుంచి సగం దాకా పోతుందని కూడా గుర్తుంచుకోండి. జేసీబీతో తోయించడం ఇంకో సరదా కోరిక. ఎండిన చెట్టును తోస్తే మొదలు కదలకముందే పై కొమ్మ విరిగి డ్రైవర్ మీద పడుతుంది. జేసీబీ బకెట్‌లో మనిషిని నిలబెట్టి కొమ్మ కోయించడం మన దగ్గర రోజూ కనబడుతుంది, దానికి మాత్రం ఎంత డబ్బిచ్చినా ఒప్పుకోకండి. ఆ బకెట్ మట్టి ఎత్తడానికి చేసింది, లివర్ కాస్త జారితే చాలు వంగిపోతుంది.

మరి ఇంటి జాగాలో దారేమిటి? ముక్కలుగా దించడమే. మనిషి పైకెక్కి, నడుముకు బెల్టు, దానికి రెండు తాళ్లు, ఒకటి విప్పినా రెండోది పట్టి ఉండేలా కట్టుకుని, కొస నుంచి మొదలుకు తెంపుకుంటూ రావాలి. గీత కార్మికుల కోసం 2024లో ప్రభుత్వం తెచ్చిన కాటమయ్య రక్షణ కిట్టు నిటారు తాటి మొదలుకు సరిపోతుంది, కొమ్మల చెట్టుకు వేరే పట్టు కావాలి. ఇదంతా ఒక పూట పని కాదు, ఒకటిన్నర రోజు. ఆ సమయానికీ తాళ్ల పనికీ రేటు వేసి చెప్పండి. చాలాసార్లు యజమాని అడిగింది కుదరని పని కాదు, ఆయన అనుకున్న ధరకు కుదరని పని మాత్రమే. ఆ రెండింటి తేడా ఆయనకు తెలిసేలా మాట్లాడటం మీ చేతిలో ఉంది.

వేర్ల దగ్గరికి వద్దాం. ఈ కోరిక వెనక భయం నిజమైనదే: గోడ పగుళ్లిస్తుంది, సంపులోకి వేరు వస్తుంది. అయితే చెట్టు వేర్లలో ఎక్కువ భాగం పై రెండు మూడు అడుగుల మట్టిలోనే పక్కలకు పారతాయి. మన మొరం నేలల్లో, రాయి దగ్గరగా తగిలే చోట ఇంకా పైపైనే ఉంటాయి. మొదలు మందానికి మూడింతల దూరం లోపల ఏ వైపు కొట్టినా చెట్టు నిలబడే పట్టు పోతుంది. రెండడుగుల మందమున్న వేపకు ఆరడుగులన్నమాట. ఆ గీత లోపల వేర్లు కొట్టిన చెట్టు వెంటనే ఎండదు, ఆకు పచ్చగానే ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో ఈదురుగాలి వచ్చిన రాత్రి కొట్టిన వైపుకు ఎదురుగా, మొదలుతో సహా లేచి ఇంటి మీద పడుతుంది. ఆమెకు ఇలా చెప్పండి: ‘అమ్మా, ఏర్లు కొడితే చెట్టును నిలబెట్టి ఉంచొద్దు. చెట్టు ఉండాల్నంటే గీ ఏర్లు కొట్టొద్దు. రెండిట్ల ఒకటి మీరే చెప్పుండ్రి.’

మూడో దారి కూడా ఆమె ముందు పెట్టవచ్చు. వేరు వచ్చిన చోట గోడ పునాదిని ఆపి, వేరు మీదుగా చిన్న కాంక్రీటు బీము వేస్తే గోడా ఉంటుంది, వేరూ ఉంటుంది. వేరు లావయ్యేందుకు బీము కింద కనీసం నాలుగు వేళ్ల సందు వదలాలి. పైపులోకి వేరు వచ్చిందంటే ఆ జాయింటు ముందే కారుతోందని అర్థం. జాయింటు బాగుచేయకుండా వేరు కొడితే మరుసటి ఏడు మళ్లీ వస్తుంది. ఆరడుగుల అవతల కొట్టాల్సి వస్తే పారతో చిదమకుండా మట్టి తీసి, వేరును రంపంతో నున్నగా కోసి, అదే రోజు మట్టి కప్పి నీళ్లు పోయాలి. అదీ ఒక వైపు మాత్రమే.

ఈ వేర్ల మాటకే తోడు ఇంకోటి వస్తుంది: ‘ఎవరికీ తెల్వకుండ మొదట్ల యాసిడ్ పొయ్యి.’ ఎక్కువగా అది పక్కింటివాళ్ల చెట్టే అయి ఉంటుంది. యాసిడ్ పోసిన మట్టి పాడవుతుంది. లోపల కుళ్లిన చెట్టును తర్వాత ఎక్కి కొట్టాల్సింది మళ్లీ మీలాంటి మనిషే, ఏ కొమ్మ బరువు మోస్తుందో అప్పుడు చెప్పలేం. ఈ పని ఎంత అడిగినా చేయకండి.

మీరు రాయలేదు గానీ, ఏటా ఎండాకాలం ముందు తప్పకుండా వినే మాట ‘తల మొత్తం తీసెయ్, మళ్లా అదే వస్తది’. వస్తుంది, కానీ ఎలా వస్తుందో చెప్పాలి. మోడు చేసిన కొమ్మ చివర చీపురులా పదీ పదిహేను కొత్త రెమ్మలు లేస్తాయి. పాత కొమ్మ మాను లోపలి నుంచి పుడుతుంది, ఈ రెమ్మలు మాత్రం బెరడు కింది పొర నుంచి పుడతాయి కాబట్టి వాటికి పట్టు తక్కువ. నాలుగైదేళ్లలో అవి చేతి లావై, గాలికి మొదలంటా చీలతాయి. ప్రమాదం తగ్గిద్దామని చేసిన పనే ఇంకో ప్రమాదాన్ని పెంచుతుంది. ఒక ఏడాదిలో పచ్చని తలలో పావు వంతుకు మించి తీయవద్దన్నది చెట్ల వైద్యులు సాధారణంగా పాటించే లెక్క. బరువు తగ్గించడానికి ఎండినవి, రాసుకునేవి, ఇంటి పైకి వంగినవి తీస్తే చాలు.

పెద్ద కొమ్మ తీసేటప్పుడు మూడు కోతలు. మొదలుకు అడుగు దూరంలో కింది నుంచి మూడో వంతు, దానికి రెండంగుళాలు అవతల పై నుంచి పూర్తిగా, బరువు దిగాక మిగిలిన మొండెం చివరిగా. కింది కోత లేకపోతే కొమ్మ పడుతూ మాను బెరడును జానెడు చీల్చుకుపోతుంది. చివరి కోత మానుకు అంటించి పెట్టకూడదు. కొమ్మ మొదట్లో ఉబ్బెత్తుగా, గాజు తొడిగినట్టు ఒక వలయం ఉంటుంది, దాన్ని వదిలి దాని బయటే కోయాలి. గాయాన్ని మూసేది ఆ వలయమే. ‘నున్నగ కొట్టు, మొండెం కనబడొద్దు’ అని యజమాని పట్టుపడితే ఆ వలయాన్ని వేలితో చూపించి చెప్పండి. పెయింటు, తారు పూయమన్నా వద్దనండి. అమెరికా అటవీ శాఖలో పనిచేసిన అలెక్స్ షైగో వేల చెట్లను నిలువునా కోసి చూసి, పూత వల్ల కుళ్లు ఆగదని, చెట్టు లోపలే గోడ కట్టుకుంటుందని చూపించాడు.

‘మా యాప ఎండింది, కొట్టెయ్’ అనేవాళ్ల దగ్గర ఒక్క నిమిషం ఆగండి. 2021 చివర తెలంగాణ అంతటా వేపలు కొసల నుంచి మాడిపోయాయి, అది రెమ్మలను ఎండబెట్టే శిలీంధ్ర తెగులు. అలా మాడిన చెట్లలో చాలా వరకు ఎండాకాలంలో మళ్లీ చిగురిస్తాయి. గోటితో బెరడు గీరి చూడండి. లోపల పచ్చగా, తడిగా ఉంటే చెట్టు బతికే ఉంది. ఎండిన కొసలు తీసి, వాటిని అక్కడే వదలకుండా కాల్చేయమనండి. ఒక పెద్ద పని పోతుంది, నిజమే. కానీ ఆ ఇంటివాళ్లు మిమ్మల్నే మళ్లీ పిలుస్తారు.

కొమ్మ బరువైందని మొదలంటా కొట్టమనేవాళ్లకు మహబూబ్‌నగర్ పిల్లలమర్రిని చూపించండి (సూర్యాపేట దగ్గర గుళ్లున్న పిల్లలమర్రి ఊరు కాదు, మహబూబ్‌నగర్ పక్కనున్న మర్రిచెట్టు). ఏడు వందల ఏళ్లదని చెప్పే ఆ చెట్టుకు చెదలు పట్టి, 2017 చివర ఒక పెద్ద కొమ్మ కూలింది. అటవీ శాఖ దాన్ని కొట్టెయ్యలేదు. 2018లో సెలైన్ సీసాలతో క్లోర్‌పైరిఫాస్ మందును నీళ్లలో కలిపి చుక్క చుక్కగా ఎక్కించారు, వాలిన కొమ్మల కింద ఊతాలు నిలబెట్టారు. ఇంట్లో చెట్టుకు అంత చేయనక్కర్లేదు. వంగిన మామిడి కొమ్మకు ఒక ఇనుప పైపు ఊతం, తల మీద పాత టైరు ముక్క మెత్తగా కట్టి నిలబెడితే పదేళ్లు ఆగుతుంది.

చట్టం మాట కూడా చెట్టు కిందే తేల్చండి. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం, అందరూ వాల్టా అనేది, మన దగ్గర అమల్లో ఉంది. సొంత జాగాలో చెట్టైనా నరకడానికి అటవీ శాఖ అనుమతి కావాలి. కొన్ని జాతులకు మినహాయింపు ఉంది, ఆ జాబితా రేంజ్ ఆఫీసులో అడగండి. తాటి, ఈత చెట్లకు ఎక్సైజ్ శాఖ అనుమతి వేరే ఉండాలి, నల్లగొండ వైపు పొలం గట్ల మీద ఈ తప్పు ఎక్కువగా జరుగుతుంది. షాపు బోర్డు కనబడట్లేదని రోడ్డు పక్క చెట్టు కొట్టమంటే ఆ చెట్టు ఆయనది కానే కాదు, మున్సిపాలిటీనో పంచాయతీనో అడగాలి. పక్కింటి కొమ్మ గోడ దాటి వస్తే హద్దు వరకే కోయండి. అవతల అడుగు పెట్టాలన్నా, చెట్టెక్కాలన్నా వాళ్ల ఒప్పుదల ఉండాలి. అనుమతి కాగితం ఫొటో మీ ఫోన్‌లో లేకుండా మిషన్ తీయకండి, దొరికినప్పుడు ముందు పట్టుకునేది మిషన్‌నే.

వాస్తు కోసమో, ముహూర్తం కోసమో ‘గంటన్నరల చెట్టు పడాలె’ అంటే నమ్మకం మీద వాదించకండి. ముహూర్తానికి పూజ చేయించి ఒక చిన్న కొమ్మ తీయండి, మిగిలిన పని మీ లెక్కన నడుస్తుంది. చెట్టు మీద పెద్ద తేనెతుట్టె ఉంటే మాత్రం ఆ రోజు పని లేదు. మిషన్ చప్పుడుకు అవి లేస్తే పరుగెత్తే దారి కూడా ఉండదు. తేనె తీసేవాళ్లను పిలిపించి, తుట్టె ఖాళీ అయ్యాకే రండి.

ఇక కట్టె లెక్క. అడుగు మందం, పదడుగుల పొడవున్న పచ్చి దుంగ సుమారు రెండు వందల కిలోలు. అది ఎండితే సగానికి దగ్గరగా వస్తుంది. ఆకు, పుల్ల ఎవరూ కొనరు, అయినా ట్రాక్టర్ ట్రిప్పులు ఎక్కువ తినేది అదే. ఇంటి చెట్ల మాను కోత మిల్లువాళ్లు తీసుకోవడానికి వెనకాడతారు, బట్టల తీగలకు కొట్టిన మేకులు లోపల దాగి రంపం పళ్లు విరగ్గొడతాయి. కట్టె రవాణాకు పర్మిట్ కావాల్సి రావచ్చు. అందుకే కట్టెను ఎప్పుడూ కూలిలో కలపకండి. కూలి ఇంత, ట్రాక్టర్ ఇంత, కట్టె మీకే కావాలంటే ఉంచుకోండి, నేను తీసుకుంటే ఇంత తగ్గిస్తాను అని మూడు అంకెలు విడివిడిగా చెప్పండి.

ఆ అంకెలు ఒక నోటుపుస్తకంలో రాసి, యజమానితో సంతకం పెట్టించండి. తీయాల్సిన ప్రతి కొమ్మకు ఎర్ర గుడ్డ కట్టి, ఆయన్ని పక్కన నిలబెట్టి ఫొటో తీయండి. ‘గీ కొమ్మ ఎందుకు కొట్టినవ్’, ‘ఇంకో రెండు కూడ తీయాలె గద’ అనే గొడవలు రెండూ దీంతో ఆగుతాయి. మూడో వంతు డబ్బు పని మొదలుకాకముందు, మూడో వంతు కొమ్మలు దిగాక, మిగిలింది మాను పడ్డాక, ఊడ్చకముందే తీసుకోండి.

‘ఇంకొకడు చేస్తడు’ అంటే ‘మంచిది సార్, నా నంబరు ఉంచుకోండ్రి’ అని వచ్చేయండి. కొన్నిసార్లు రెండు రోజులకు ఫోన్ వస్తుంది, ఇంకొకరు సగం కోసి వదిలేసిన చెట్టు కోసం. అది కొత్త పని, పాత రేటు చెల్లదు. వెళ్లగానే చెట్టు ఎత్తుకు రెండింతల దూరం దాకా తాడు కట్టి మనుషులను ఆపండి. సగం కోసిన మొదలును కానీ, ఇంకో చెట్టు మీద వాలి ఆగిన చెట్టును కానీ ఎక్కవద్దు. దాన్ని ఆపుతున్నది ఏ పట్టెనో బయటికి కనబడదు. పక్కనున్న బలమైన చెట్టుకో, బాగా దూరంగా నిలిపిన ట్రాక్టర్‌కో తాడు కట్టి, ముందు దాన్ని పట్టి ఉంచాకే మిషన్ బయటికి తీయండి.